వెనక కుట్టులో వదిలిన బట్ట

మా షాపులో మనుషులెవరూ లావెక్కేవారు కాదు. బట్టలే దగ్గరపడేవి. అది మా అన్నయ్య పెట్టిన పద్ధతి. పాత ప్యాంటుకి బొత్తాం పట్టక, ఊపిరి బిగబట్టుకుని ఏ పెద్దమనిషి లోపలికొచ్చినా అన్నయ్య ఒక్కటే మాట అనేవాడు.

"ఉతుకులో బట్ట దగ్గరపడిందండీ. ఈ మధ్య వచ్చే బట్టలన్నీ ఇంతే. కాసేపు కూర్చోండి, వదులు చేయించి ఇచ్చేస్తా."

ఆ పెద్దమనిషి హమ్మయ్య అని ఊపిరి వదిలేవాడు. ఊపిరితోపాటు పొట్టా బయటికొచ్చేది. మేమెవరం దాని వంక చూసేవాళ్ళం కాదు. నాకు నవ్వొస్తే మిషన్ మీదికి తల వంచేసుకునేదాన్ని.

ఆ గదిలో ఇప్పుడు కళ్ళజోళ్ళు అమ్ముతున్నారు. ఆ వీధిన వెళ్ళినప్పుడల్లా అద్దాల తలుపు ముందు కాసేపు నిలబడతాను. లోపలున్న అమ్మాయి నాకు చూపు ఆనడం లేదనుకుని రమ్మని చెయ్యి ఊపుతుంది. నా చూపుకేం, బాగానే ఉంది. నాకు కావలసింది సుద్దముక్క వాసన, తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనించినప్పుడు గుప్పున లేచే ఆవిరి. అవి ఆ అమ్మాయి దగ్గర దొరకవు.

పొడవాటి గది అది. వీధి వైపు కటింగ్ బల్ల, దాని వెనక అన్నయ్య, మెడలో టేపు. ఆ వెనక రెండు మిషన్లు, ఒకటి వదినది, ఒకటి నాది. చిట్టచివర తెర, తెర వెనక ఇస్త్రీ బల్ల. అక్కడ ఉండేవాడు ఇస్త్రీ బావ, వదినకి సొంత అన్న. తర్వాతి రోజుల్లో నాకు మొగుడయ్యాడు కానీ, అప్పటికి ఆ సంగతి అతనికీ తెలీదు, నాకూ తెలీదు. తెలిసుంటే అన్నన్ని మాటలు అనేదాన్ని కాదేమో.

వదిన ప్యాంట్లు కుట్టేది. నేను చొక్కాలు కుట్టేదాన్ని. ఒకరి పనిలో ఒకరం వేలు పెట్టేవాళ్ళం కాదు. కొత్తలో ఒకసారి సాయం చేద్దామని వదిన కుట్టే ప్యాంటుకి నేను జేబు వేశాను. ఆవిడ ఒక్క మాట అనకుండా, నవ్వుతూనే, నా కళ్ళెదుటే ఆ జేబు విప్పేసి మళ్ళీ కుట్టింది. తల కొట్టేసినట్టయింది నాకు. ఆ రోజుతో మా ఇద్దరికీ సరిహద్దు గీసుకున్నాం. నడుం కిందదంతా ఆవిడ రాజ్యం, నడుం పైదంతా నాది.

అన్నయ్య సంగతి చెప్పాలి. మనిషి గడపలో అడుగు పెడుతుండగానే నడుమెంతో, ఛాతీ ఎంతో చూపుతోనే చెప్పేసేవాడు. ఆ తర్వాత టేపు పెట్టడం ఎదుటివాడి తృప్తి కోసం. ప్యాంటు కత్తిరించేటప్పుడు వెనక కుట్టులో లోపలికి బట్ట ఎక్కువ వదలడం ఆయన అలవాటు. మిగతా దర్జీలు బట్ట మిగుల్చుకుంటే, మావాడు బట్ట వదిలేవాడు. "పెళ్ళికాని వాడికి రెండు వేళ్ళు, పెళ్ళయినవాడికి నాలుగు వేళ్ళు. సాయంత్రం పూట సీసా తీసేవాడికి అరచెయ్యంత" అని వదినకి కన్ను గీటేవాడు. వదిన మూతి తిప్పుకునేది, కానీ ఆ మూతి చివర నవ్వు ఉండేది.

సాయంత్రాలే నాకు బాగా గుర్తు. వెలుగు ఇంకా పోకముందే అన్నయ్య తలుపు ఒక రెక్క మూసేసేవాడు. ఇస్త్రీ బల్ల మీద దుప్పటి మడిచి, కాగితం పరిచి, బీరు సీసాలు పెట్టేవాళ్ళు. అన్నయ్యకీ బావకీ చెరో గ్లాసు. వేయించిన వేరుశనగ గింజలు, వేయించిన చేపలు, వేయించిన ఆలుగడ్డ ముక్కలు. వేయించగలిగినవన్నీ వేయించేది వదిన. ఆ రోజు వచ్చినవాళ్ళ నడకలూ మాటలూ అన్నయ్య అనుకరించేవాడు. ఒకాయన అద్దం ముందు పక్కకి తిరిగి పొట్ట లోపలికి లాక్కునే తీరు చేసి చూపిస్తుంటే, బావ నవ్వలేక గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకునేవాడు. వదినా నేనూ బొత్తాల కాజాలు కుడుతూ ఇవతల కూర్చుని వినేవాళ్ళం. తాగుడు మంచిది కాదని నాకిప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా నిజం చెప్పాలి కదా. నా బతుకులో అంతగా నవ్విన రోజులు మళ్ళీ రాలేదు.

ఆ నవ్వులన్నీ ఒంటికి పట్టాయి. బావ పొట్ట ఇస్త్రీ బల్లకి తగిలేదాకా వచ్చింది. ఇస్త్రీపెట్టె అవతలి అంచుకి తీసుకెళ్ళాలంటే మునివేళ్ళ మీద లేచేవాడు.

"ఏం బావా, బల్ల దగ్గరపడిందా?" అనేదాన్ని నేను.

"నీ నోటికి కాజా కుట్టి బొత్తాం పెట్టేవాడు ఇంకా పుట్టలేదా పిల్లా?" అనేవాడు.

అన్నయ్య మాత్రం తన బొత్తాం మీద చెయ్యేసుకుని విర్రవీగేవాడు. "చూడవోయ్. పెళ్ళికి కుట్టుకున్న ప్యాంటు. ఇప్పటికీ పడుతోంది. తాగేది ఇద్దరం, లావెక్కేది నువ్వు. బీరు తప్పు కాదు, నీ ఒంటి తప్పు."

"నీ ఒళ్ళు వేరు బావా. నేను గాలి పీల్చినా లావెక్కుతాను" అని బావ వినయంగా ఒప్పుకునేవాడు. ఒప్పుకుని నా వంక చూసేవాడు. నేను వదిన వంక చూసేదాన్ని. వదిన సూదిలోకి దారం ఎక్కించుకుంటూ ఉండేది.

ఎందుకంటే ఆ ప్యాంటు సంగతి మా ముగ్గురికీ తెలుసు. అన్నయ్య గడ్డం గీయించుకోవడానికి వెళ్ళిన ఉదయాల్లో వదిన ఆయన ప్యాంట్ల వెనక కుట్టు విప్పి, లోపల వదిలిన బట్టలోంచి కాస్త, మరికాస్త బయటికి తీసి మళ్ళీ కుట్టేసేది. పాత కుట్టు ఉన్నచోట సూది రంధ్రాలు వరసగా కనపడతాయి. బావ తడిగుడ్డ వేసి, ఆవిరి పట్టి, అవి పూడుకుపోయేదాకా రుద్దేవాడు. మొదటిసారి నేను చూసినప్పుడు వదిన పెదవుల మీద వేలు పెట్టింది.

"చెప్తే ఏమవుతుంది వదినా?"

"మొహం మాడ్చుకుంటారు. నాలుగు రోజులు మాట్లాడరు. వచ్చిన ప్రతివాడి మనసూ నొప్పించకుండా పంపిస్తాం కదా, ఇంట్లో మనిషి మనసే నొప్పించాలా?"

ముచ్చటేసింది నాకు. మొగుడంటే ఇంత ప్రేమ ఉండాలి కాబోలు అనుకున్నాను. వదిలిన బట్ట అయిపోతే అదే రంగు ముక్క వెతికి అతికేది ఆవిడ. అన్నయ్య ఒళ్ళు ఏడాదికేడాది ఉబ్బుతూ పోయింది, ఆయన నడుము మాత్రం పెళ్ళినాడు ఎలా ఉందో అలాగే ఉంది. కనీసం మేమంతా అలాగే నడిపించాం.

అంతలో వీధి చివర రెడీమేడ్ బట్టల షాపు తెరిచారు. అద్దాల వెనక తలల్లేని బొమ్మలకి చొక్కాలు తొడిగి నిలబెట్టారు. మా దగ్గరికి కొత్త బట్టతో వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఆ షాపులో కొన్న ప్యాంటు పొడవు తగ్గించమని, చేతులు చిన్నవి చేయమని వచ్చేవాళ్ళే మిగిలారు. అంటే వదినకీ నాకూ పని ఉంది, కటింగ్ బల్లకి పని లేదు. మధ్యాహ్నాలు అన్నయ్య సుద్దముక్కతో బల్ల మీద ఊరికే గీతలు గీసి, అరచేత్తో తుడిచేస్తుండేవాడు. ఆ చేతులు ఖాళీగా ఉండటం నేను చూడలేకపోయేదాన్ని.

బీరు పోయి, దాని స్థానంలో ఘాటు సరుకు వచ్చింది. సీసా చిన్నదయింది, మత్తు పెద్దదయింది. బావ ఒకసారి గుక్క వేసి ఉక్కిరిబిక్కిరయ్యాడు. "బావా, ఇది నా ఇస్త్రీపెట్టె కంటే వేడిగా ఉంది. నా వల్ల కాదు" అని గ్లాసు పక్కన పెట్టేశాడు. తోడు లేకపోయేసరికి అన్నయ్య సాయంత్రం దాకా ఆగడం మానేశాడు. అనుకరణలు పోయాయి. వేయించిన గింజలు పళ్ళెంలో మెత్తబడిపోయేవి. వదిన అన్నం పెడితే "ఆకలి లేదు", "ఇందాకే ఏదో తిన్నా", "అక్కడ పెట్టు, తర్వాత చూస్తా". పొద్దున లేచి చూస్తే మూత వేసిన కంచం వేసినట్టే ఉండేది.

తాగొద్దని నేను చెప్పాను. రోజూ చెప్పాను, అరిచి చెప్పాను. ఆయనకి నా గొంతు మిషన్ చప్పుడు లాంటిది. అలవాటైపోయి వినపడదు.

తిండి లేని ఒళ్ళు కరగడం మొదలుపెట్టింది. ముందు పొట్ట పోయింది. దాన్ని చూసి అందరూ మెచ్చుకున్నారు. అదీ విడ్డూరం! లావెక్కినప్పుడు నోరు మెదపని జనం, చిక్కినప్పుడు మాత్రం ఎగబడి మరీ చెప్పారు.

"ఏం మాస్టారూ, కుర్రాడిలా అయిపోయారే! ఏం చేస్తున్నారేంటి?"

"నడకండీ. రోజూ నడుస్తున్నా" అనేవాడు అన్నయ్య. నడిచేమాట నిజమే. సీసాలమ్మే కొట్టు దాకా వెళ్ళి వచ్చేవాడు.

వదిన మళ్ళీ సూది పట్టింది. ఈసారి విప్పిన బట్ట లోపలికి తోసి బిగించడం. అన్నయ్య బొత్తాం పెట్టుకునేవాడు, ప్యాంటు పట్టేది. "చూశావా? ఏం మారలేదు" అని గొణుక్కునేవాడు. ఇదివరకటి దర్పం లేదు ఆ మాటలో. బావ ఆవిరి పడుతూ పళ్ళు బిగపట్టడం చూశాను.

నాకు కడుపు మండింది. "వదినా, ఇప్పుడైనా చెప్పు. సగమైపోయాడు మనిషి. ఆయనకి తెలియాలి."

"ఏమని చెప్పనే? షాపు నడవడం లేదని అసలే కుమిలిపోతున్నారు. మీరూ చిక్కి శల్యమయ్యారని నేనే మొహం మీద చెప్పనా?"

"చెప్పు మరి!"

"నువ్వు చొక్కాలు చూసుకో" అంది వదిన. అలా అనడం అదే మొదటిసారి. నా కత్తెర బల్ల మీద గిరాటేసి వీధిలోకి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత ఒక ఉదయం నేను షాపుకి వచ్చేసరికి వదిన కూనిరాగం తీస్తూ కుట్టు విప్పుతోంది. ఆవిడ ముఖంలో వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో.

"ఏంటి వదినా విశేషం?"

"బొత్తాం పట్టడం లేదే!" అంది, రహస్యం చెప్పినట్టు. "వదులు చేస్తున్నా. నేను కూరలో వెన్న వేస్తున్నా, గుడ్డు కలిపేస్తున్నా. నాలుగు ముద్దలే అయినా లోపలికెళ్తున్నాయి. తిండి ఒంటికి పడుతోంది. నేను చెప్పలా, దానంతటదే సర్దుకుంటుందని?"

అన్నయ్య కూడా పొట్ట నిమురుకుని, "పాత చుట్టం తిరిగొచ్చాడు" అన్నాడు. చాలా రోజులకి జోకు వేశాడని మేమంతా అవసరానికి మించి నవ్వాం. నా గుండెల మీంచి బరువు దిగిపోయింది. ఆ వారమంతా వదినా నేనూ పాత రోజుల్లోలా ఒకరినొకరం వేళాకోళం చేసుకుంటూ పనిచేశాం.

ఆ సంతోషం నా బల్ల దగ్గరే పాడయింది. అన్నయ్య తన చొక్కా ఒకటి తెచ్చి ఇచ్చాడు. "బుల్లీ, దీని కాలర్ సాగిపోయిందే. చేతుల దగ్గర కూడా. కాస్త బిగించు."

బిగించాను. కొన్నాళ్ళకి మళ్ళీ తెచ్చాడు. మళ్ళీ సాగిందన్నాడు. వేసుకుని చూపించమన్నాను. పై గుండీ పెట్టాక కాలర్‌కీ మెడకీ మధ్య నా చెయ్యి మొత్తం దూరింది. భుజం కుట్టు మోచేతి వైపు జారిపోయింది. మణికట్టు చూస్తే చిన్నప్పుడు మా నాన్న మంచం పట్టినప్పటి మణికట్టు గుర్తొచ్చింది. నేను గుండుసూదులు పెట్టి చొక్కా తీసుకున్నాను.

"వదినా, అన్నయ్య ఇంకా చిక్కుతున్నాడు" అన్నాను.

వదిన మిషన్ ఆపింది. "నిన్ననే మళ్ళీ వదులు చేశానే నేను. అతుకు వేయాల్సొచ్చింది."

"మొన్ననే నేను బిగించాను."

"ఏ చొక్కానో పాతది చూసుంటావ్."

"నువ్వే ఏ ప్యాంటో చూసుంటావ్. నీ టేపు సరిగ్గా ఉందా?"

"నా టేపుకేం? నీకు ఆయన బాగుపడటం ఇష్టం లేదు. తాగేవాడు బాగుపడకూడదని నీ పట్టు!"

ఆ మాటకి నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడిస్తే ఓడిపోయినట్టని గట్టిగా మాట్లాడాను. ఆవిడ ఇంకా గట్టిగా మాట్లాడింది. నీ చొక్కాలు నువ్వు, నా ప్యాంట్లు నేను అని మొహాలు తిప్పుకుని కూర్చున్నాం. షాపులో రెండు మిషన్లు ఒకదాని మీద ఒకటి పోటీ పడి చప్పుడు చేశాయి.

అన్నయ్య బయటికి వెళ్ళిన సమయం చూసుకుని బావ తెర తొలగించుకుని వచ్చాడు. ఒక చేతిలో నేను బిగించిన చొక్కా, రెండో చేతిలో వదిన వదులు చేసిన ప్యాంటు. అప్పుడే ఇస్త్రీ చేసినవి, ఇంకా వెచ్చగా ఉన్నాయి. కటింగ్ బల్ల మీద చొక్కా పరిచాడు. దాని కింద ప్యాంటు పరిచాడు, సూట్ అప్పగించేటప్పుడు పరిచినట్టు.

"మీరిద్దరూ లేచి ఇటు రండి" అన్నాడు.

వెళ్ళాం. చూశాం. చొక్కా ఎదుగుతున్న కుర్రాడిది. ప్యాంటు నిండు పొట్ట ఉన్న పెద్దమనిషిది.

"ఇవి ఇద్దరు మనుషుల బట్టలు" అన్నాడు బావ. "నేను ఇద్దరికీ ఇస్త్రీ చేస్తున్నా. రెండూ వేసుకునేది మా బావ ఒక్కడే. ఇదెలాగో నాకర్థం కావట్లేదు. మీకేమైనా అర్థమవుతోందా?"

లావెక్కితే మనిషి అంతా లావెక్కుతాడు. పొట్ట ముందొచ్చినా, మెడా భుజాలూ ఎంతో కొంత వెనకే వస్తాయి. ఇన్నేళ్ళ కుట్టుపనిలో ఇలాంటి కొలత ఎవరికీ చూడలేదు. వదిన చొక్కా చేతిలోకి తన చెయ్యి దూర్చి చూసుకుంది. ఆవిడ చెయ్యి నిండింది దాంట్లో. అంత సన్నం. మా సరిహద్దు పుణ్యమా అని ఆవిడ ఆయన నడుము తప్ప చూడలేదు, నేను ఆయన మెడా చేతులూ తప్ప చూడలేదు. చెరో సగం పట్టుకుని, మొత్తం మనిషి మాకే తెలుసని పోట్లాడుకున్నాం.

అన్నయ్య తిరిగొచ్చేసరికి వదిన టేపు పట్టుకుని గడపలో నిలబడి ఉంది.

"ఇలా రండి. నిలబడండి."

"ఏంటోయ్, నాకే కొలతలా?" అని నవ్వబోయాడు. వదిన నవ్వలేదు. వీధి తలుపు తెరిచే ఉంది, పట్టపగలు, ఎవరైనా రావచ్చు. ఆవిడ ఏదీ పట్టించుకోలేదు. మెడ కొలిచి పైకి చెప్పింది. భుజం కొలిచి చెప్పింది. మోచేతి పైన, మణికట్టు, ఛాతీ. ఒక్కో కొలతా చెప్తుంటే అన్నయ్య ముఖంలో నవ్వు తగ్గుతూ వచ్చింది. జీవితమంతా కొలతలు తీసిన మనిషి కదా, ఆ అంకెలు ఎలాంటి ఒంటివో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. చివరికి నడుము కొలిచింది. ఆ అంకె విని నేనే నమ్మలేకపోయాను. పొట్ట మెత్తగా లేదు, ఉబ్బి బిగుసుకుని ఉంది. వదిన కింద కూర్చుని ఆయన చీలమండ మీద వేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది.

"ఏం లేదులే. ఉతుకులో బట్ట దగ్గరపడి ఉంటుంది" అన్నాడు అన్నయ్య, నీళ్ళు నములుతూ.

వదిన కిందనుంచే తలెత్తి చూసింది. "బట్టకి ఏమీ కాలేదండీ. బట్ట బాగానే ఉంది. మీరే బాగాలేరు. మీరు చిక్కి సగమయ్యారు. ఈ పొట్ట తిండిది కాదు. దీన్ని ఇన్నిసార్లు విప్పింది నేనే, బిగించింది నేనే. లేవండి, డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం."

మాటల మధ్య ఆవిడ ఒక్కసారి కూడా ఏడవలేదు. ఆ రోజు నేను ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టినా తప్పులేదు. అన్నయ్య వచ్చినవాళ్ళని కూర్చోబెట్టే స్టూలు మీద కూలబడి, చాలాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. తర్వాత చెప్పుల కోసం కాలు చాపాడు.

డాక్టరమ్మ ఆయన్ని కాటా మీద నిలబెట్టింది. బరువు ఇదివరకటి కంటే పెద్దగా తగ్గలేదు. అన్నయ్యకి ఎక్కడలేని ప్రాణం లేచొచ్చింది. "చూశారా, నా బరువు ఎక్కడికీ పోలేదు."

"అదేనయ్యా నా భయం" అంది ఆవిడ. ఆవిడది ఓపికగా చెప్పే గొంతు. "బీరు నీళ్ళలాగే కనపడుతుంది కానీ, ఒళ్ళు దాన్ని తిండి కిందే లెక్కేసుకుంటుంది. దానికి తోడు వేయించినవి తిన్నారు. అందుకే అప్పట్లో లావెక్కారు. అది కొవ్వు. తర్వాత తిండి మానేసి తాగుడు మీదే బతికారు. కొవ్వు కరిగింది, దాంతోపాటు కండా కరిగింది. లోపల కాలేయం దెబ్బతింది. అది పని చేయకపోతే పొట్టలో నీరు చేరుతుంది. ఇప్పుడు కాటా మీద మీతోపాటు ఆ నీరు కూడా నిలబడింది. పోయిన కండ బరువు కనపడకుండా అదే దాచింది."

ఒళ్ళు కూడా మా పనే చేసిందన్నమాట అనుకున్నాను నేను. లోపల ఏం జరిగిందో పైకి తెలియకుండా అమర్చి పెట్టింది.

"నీరు తీస్తాను. మందులిస్తాను" అంది డాక్టరమ్మ. "ఉప్పు బాగా తగ్గించాలి. తిండి తినాలి. కానీ ఇవన్నీ ఒకెత్తు. ఇక మీదట ఒక్క చుక్క తాగినా నేను చేయగలిగింది ఉండదు. మానేస్తే ఆశ ఉంది. ఖాయంగా చెప్పను. ఆశ మాత్రం ఉంది."

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు అన్నయ్య పొట్ట తీసేసినట్టు ఉంది. అప్పుడు కనపడ్డాడు అసలు మనిషి. కుర్చీలో కూర్చుంటే కుర్చీయే ఎక్కువ కనపడింది. ఇంట్లో, షాపులో ఉన్న సీసాలన్నీ బావ గ్లాసులతో సహా సంచిలో వేసి పట్టుకుపోయాడు. వదిన ఆయన ముందు కంచం పెట్టింది. అన్నయ్య చెయ్యి కూడా కదపలేదు.

"నాకు తెలీదనుకున్నావా?" అన్నాడు వదినతో.

"ఏంటండీ?"

"నేను లావెక్కినప్పుడు నువ్వు వెనక కుట్టు విప్పావని. నేను కత్తిరించిన ప్యాంటు అది. ఎంత బట్ట వదిలానో, ఎంత మిగిలిందో వేలితో తడిమితే తెలీదా నాకు? తెలిసీ ఊరుకున్నా. నువ్వలా చేస్తుంటే నాకు బాగుండేది." ఆయన కంచం కాస్త అవతలికి జరిపాడు. "కానీ చిక్కుతున్నప్పుడు చెప్తావనుకున్నా. ఈసారి బిగిస్తుందా, అడుగుతుందా అని ప్రతిసారీ చూశా. బిగించేశావ్. ఒక్కసారి అడిగుంటే ఆపేవాణ్ణేమో."

వదిన ముఖం పాలిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"సిగ్గు లేదా అన్నయ్యా! సీసా ఎత్తింది నువ్వు. నేను రోజూ అరిచి చచ్చానే, అప్పుడు ఆపావా? తాగింది నీ చెయ్యి, తప్పు ఆవిడ సూదిదా?"

"నువ్వు ఊరుకో బుల్లీ" అంది వదిన మెల్లగా. "ఆయన అన్నది అబద్ధం కాదు. నువ్వన్నదీ అబద్ధం కాదు. నేను ఆయన కోపానికి భయపడ్డాను. నాలుగు రోజులు మాట్లాడరని భయపడ్డాను. అంతకంటే పెద్ద భయం ఒకటుందని తెలీలేదు నాకు."

అన్నయ్య లేచి వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వదిన భయపడ్డంత పనీ చేశాడు, ఆ తర్వాత ఆవిడతో మాట్లాడలేదు. నాలుగు రోజులు కాదు, అంతకు చాలా ఎక్కువే. ఏం కావాలన్నా నన్ను పిలిచేవాడు. వదిన వండి నా చేతికిచ్చేది, నేను పట్టుకెళ్ళి పెట్టేదాన్ని. రెండు మెతుకులు కతికి తోసేసేవాడు. చేతులు వణికేవి, ఒళ్ళంతా చెమట పట్టేది, సీసా కావాలని నోటితో అడగకుండా కళ్ళతో గదంతా వెతికేవాడు. ఆ రోజుల్లో నేను మంచం పక్కన కూర్చుని కాజాలు కుట్టాను. ఎన్ని కుట్టానో, ఏ చొక్కాలకి కుట్టానో గుర్తులేదు. వదిన తలుపు అవతల నిలబడేది. ఆవిడ నీడ నేల మీద కనపడేది.

అలా ఒక మధ్యాహ్నం నేను కంచం పెట్టాను. అన్నయ్య ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. నమిలాడు. ముఖమంతా ముడతలు పెట్టాడు.

"ఇదేం కూర? ఉప్పేదీ?" అని అరిచాడు. చాలా రోజులకి అంత గొంతు లేచింది. "మనుషులు తినేదేనా ఇది? గడ్డి వండి పెడుతోందా మీ వదిన? అడుగు పోయి! ఇన్నేళ్ళు వండింది, కూరలో ఉప్పేయాలని తెలీదా ఆవిడకి?"

డాక్టరమ్మ చెప్పిన సంగతి ఆయనకి తెలుసు. అయినా తిట్టాడు. తిడుతూ ఇంకో ముద్ద కలిపాడు.

నేను వంటింట్లోకి వెళ్ళాను. వదిన పొయ్యి దగ్గర నిలబడి, రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది. ఏడుస్తోందనుకున్నాను. దగ్గరికి వెళ్తే నవ్వుతోంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతోంది.

"ఆయన మాటలు పట్టించుకోకు వదినా" అన్నాను.

"పట్టించుకోకపోవడమేంటే?" అంది వదిన, నా చెయ్యి గట్టిగా పట్టుకుని. "నన్నే తిడుతున్నారు. వినపడుతోందా? తిట్టనీ. నా మీద కోపం తీరేదాకా తిట్టనీ. కోపం తీరాలంటే బతికుండాలి కదా."

లోపల్నుంచి కంచం నేలకి కొట్టిన చప్పుడైంది. ఇద్దరం ఉలిక్కిపడి పరిగెత్తాం. కంచం ఖాళీగా ఉంది. అన్నయ్య వదిన వంక చూడకుండా, గోడకేసి చూస్తూ, కోపంగానే అన్నాడు.

"ఇంకొంచెం పెట్టమను."